నాన్నగారి బైఫోకల్ బిల్లులో వి2299 ఎందుకు వేశారు?

శుక్లాల ఆపరేషన్ అయ్యాక మీ నాన్నగారికి చేయించిన బైఫోకల్ (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం) అద్దాలకు షాపువాళ్లు వి2299 అనే బిల్లింగ్ కోడ్ వేశారని, మెడికేర్ (అమెరికాలో పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) డబ్బులివ్వనందని మీరు రాశారు. నేను డాలస్ దగ్గర ఒక కళ్ల డాక్టరు ఆఫీసులో బిల్లింగ్ చూస్తాను. ఈ తలనొప్పి మాకు మామూలే.

వి2299 అంటే స్పెషాలిటీ బైఫోకల్, ‘బై రిపోర్ట్’. అంటే ఏం అద్దమో, మామూలుది ఎందుకు పనికిరాదో రాసి పంపాలి. వేరే ఏ కోడ్‌లోనూ ఇమడని అద్దానికే అది. మా దగ్గర ఒక ఎలక్ట్రీషియన్‌కి దగ్గరి చూపు ముక్కను అద్దం పైభాగంలో పెట్టించాం, ఆయన రోజంతా తలెత్తి వైర్లు చూసుకోవాలి మరి. దానికి ఆ కోడ్ వేశామంటే అర్థముంది. అయినా ఆయన ఇన్సూరెన్స్ వాళ్లు ముందు ల్యాబ్ ఇన్వాయిస్ పంపమన్నారు.

మీ నాన్నగారి ప్రిస్క్రిప్షన్ పక్కన పెట్టుకుని చూడండి. స్ఫియర్ (అద్దం మామూలు పవర్) ప్లస్ అయినా మైనస్ అయినా 4.00 లోపు ఉండి సిలిండర్ (వంకర చూపును సరిచేసే పవర్) లేకపోతే వి2200, సిలిండర్ 2.00 వరకు ఉంటే వి2203. కింది ముక్క వెడల్పు 28 మిల్లీమీటర్లు దాటితే వి2219, యాడ్ (దగ్గరి చూపుకు కలిపే అదనపు పవర్) 3.25 దాటితే వి2220. ప్రొగ్రెసివ్ (గీత లేకుండా పవర్ మెల్లగా మారే అద్దం) అయితే బైఫోకల్ కోడ్‌తో పాటు వి2781 వేయాలి. ఆ అదనపు ఖర్చు మెడికేర్ ఇవ్వదు, చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. కొందరు ప్రొగ్రెసివ్‌నే ‘స్పెషాలిటీ’ అనుకుని 2299లో పడేస్తారు. మీ విషయంలోనూ అదే జరిగిందని నా అనుమానం.

ఈ కోడ్లు ఒక్కో అద్దానికి. ఆర్‌టీ (కుడి), ఎల్‌టీ (ఎడమ) అని రెండు లైన్లుంటే డబుల్ బిల్లేమోనని టెన్షన్ పడకండి.

కంటిలో లెన్స్ పెట్టిన ప్రతి శుక్లాల ఆపరేషన్ తర్వాత మెడికేర్‌లోని పార్ట్ బి (డాక్టరు ఖర్చులు, ఇలాంటి సామాన్లు చూసే భాగం) ఒక జత అద్దాలకు ఇస్తుంది. డిడక్టిబుల్ (ముందు మీరే పెట్టుకోవాల్సిన మొత్తం) పోను 20 శాతం మీరు కట్టాలి. క్లెయిమ్‌లో జెడ్96.1 డయాగ్నోసిస్ (కంటిలో లెన్స్ పెట్టారని చెప్పే కోడ్) ఉందో లేదో చూడండి. అన్నిటికన్నా ముందు, ఆ షాపు మెడికేర్‌లో సప్లయర్‌గా నమోదైందేనా అని అడగండి. కాకపోతే కోడ్ ఎంత సరిగ్గా వేసినా పైసా రాదు.

నమోదై ఉంటే, కోడ్ సరిచేసి మళ్లీ పంపమని షాపువాళ్లనే పట్టుకోండి. సర్వీసు తేదీ నుంచి ఏడాదిలోపు క్లెయిమ్ వేయొచ్చు. వాళ్లు కుదరదంటే, డబ్బులివ్వమని మెడికేర్ పంపిన నోటీసు అందిన 120 రోజుల్లోపు అప్పీల్ చేయండి, డాక్టరు ప్రిస్క్రిప్షన్ జత చేసి.