భూమి ముచ్చట: తాత లావుణి పట్టా చేతిలో ఉంది, ఇప్పుడేం చేయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సర్కారు భూముల గురించే. రాసినవాళ్లు ఎక్కువమంది హైదరాబాద్‌లో పని చేసుకుంటూ మనసంతా ఊళ్లో పెట్టుకున్నవాళ్లు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చేవారానికి పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

కూకట్‌పల్లి నుంచి ఒక క్యాబ్ డ్రైవర్: మేడం, మాది వికారాబాద్ దిక్కు. మా తాతకు సర్కారు రెండెకరాల లావుణి పట్టా ఇచ్చింది. తాత లేడు, నాయిన కూడా పోయిండు. నాకు సిటీ చాలయింది, ఊరికి పోయి కూరగాయలు వేసుకుందామని ఉంది. ఒక బ్రోకర్ వచ్చి నోటరీ కాగితం మీద సంతకం పెడితే ఇరవై లక్షలు ఇస్తానంటుండు. మీ పేరు ఆన్‌లైన్‌లో లేదు, రేపోమాపో సర్కారే గుంజుకుంటది అంటుండు. మస్తు టెన్షన్‌గా ఉంది.

తమ్ముడూ, ముందు ఆ సంతకం పెట్టకు. లావుణి పట్టా అంటే సర్కారు పేదలకు సాగు కోసం ఇచ్చిన భూమి కాగితం, ఇట్లాంటివాటినే అసైన్డ్ భూములు అంటారు. వాటి బదిలీని నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చింది, దాని ప్రకారం ఆ నోటరీ కాగితం చెల్లదు. అమ్మినట్టు తేలితే తహసీల్దార్ భూమిని వెనక్కి తీసుకోవచ్చు. మొదటిసారైతే పట్టా పొందిన కుటుంబానికే తిరిగి ఇచ్చే వీలుంది కానీ, అట్లా తిరిగి వచ్చినదాన్ని మళ్లీ అమ్మితే ఇక మీకు రాదు, సర్కారుకే పోతుంది. ఆంధ్రాలో 2023లో చట్టం మార్చి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూములకు పూర్తి హక్కులు ఇచ్చారు. దాన్ని చూపించి ఇక్కడ కూడా అమ్ముకోవచ్చని చెప్పేవాళ్లు చాలామంది తిరుగుతున్నారు, అది తెలంగాణకు వర్తించదు.

అమ్మే హక్కు లేదంటే నీకు హక్కే లేదని కాదు. అసైన్డ్ భూమి వారసులకు వస్తుంది. పంట లోన్ కోసం బ్యాంకులోనో సహకార సంఘంలోనో తాకట్టు పెట్టుకోవడానికి కూడా అదే చట్టం ఒప్పుకుంటుంది.

ఇప్పుడు ఆ పట్టా కాగితం తీసి నింపాదిగా చదువు. 1985కి ముందు ఇచ్చినదైతే దాంట్లో మండలం పేరు ఉండదు, తాలూకా పేరుంటుంది, ఎందుకంటే మండలాలు వచ్చిందే ఆ ఏడాది. సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలు, నాలుగు దిక్కులా హద్దులు, కింద షరతులు ఉంటాయి. అన్నిటికన్నా ముందు హద్దులు చూడు. ఉత్తరాన వాగు, తూర్పున ఫలానా వాళ్ల చెలక అని ఉంటే ఆ వాగు దగ్గరికి పోయి నిలబడి, ఆ చెలక ఇప్పుడెవరు దున్నుతున్నారో కనుక్కో. ఎందుకింత చెబుతున్నానంటే, చాలా ఊళ్లలో పట్టా ఇచ్చారు కానీ కొలిచి హద్దురాళ్లు పాతి చూపించలేదు, ఒకే సర్వే నంబర్‌లో ఇరవై మందికి కాగితాలు ఇచ్చి మీరు మీరు చూసుకోండి అన్నారు. కాగితం ఒకచోట, దున్నకం ఇంకోచోట అయింది. నా దృష్టిలో భూపంపిణీలో జరిగిన అన్యాయాల్లో పెద్దది ఇదే.

తర్వాత పాత పహాణీలు, అంటే ఊరి భూమి లెక్కల కాగితాలు, తీయించు. వాటిలో పట్టాదారు గడి, అనుభవదారు గడి వేరువేరుగా ఉండేవి, దున్నుకునేవాడి పేరు ఎక్కేది ఆ రెండో గడిలోనే. సర్కారు ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఆ రెండో గడిని తీసేశారు. ఎంతమంది పేదల పేర్లు అట్లా మాయమయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలైంది, దాంట్లో విరాసత్‌కూ, అంటే వారసుల పేరు మీదికి మార్చుకోవడానికీ, తప్పుల సవరణకూ దరఖాస్తు చేసుకోవచ్చు. తహసీల్దార్ వారసులందరికీ నోటీసులు ఇచ్చి విచారణ చేయాలి, కాబట్టి మీ అక్కాచెల్లెళ్లతో ముందే కూర్చొని మాట్లాడు, వాళ్లకూ వాటా ఉంది. తహసీల్దార్ కాదంటే ఆర్డీవోకు, ఆపైన కలెక్టర్‌కు అప్పీలు ఉంది. ధరణిలో ఇట్లాంటి దారి లేక సివిల్ కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చేది.

సర్కారు గుంజుకుంటది అన్న మాటకొస్తే, ప్రజా అవసరానికి తీసుకునే అవకాశం ఉన్నది నిజమే, అది ఎవరి భూమికైనా ఉన్నదే. అయితే చేవెళ్ల డివిజన్ కేసులోనే 2004లో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుకు కూడా సొంత పట్టా భూమి ఉన్న రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. బ్రోకర్ ఈ సంగతి నీకు చెప్పడు.

ఉప్పల్ నుంచి, బిల్డింగ్ పనులకు వెళ్లే ఒక చెల్లెలు: మాకు గుంట భూమి లేదు అక్కా. ఊళ్లో సర్కారు భూమి బీడుగా పడి ఉంది. అడిగితే ఇస్తారా?

అడగాలమ్మా, కాకపోతే ఏ భూమి అడుగుతున్నావో తెలుసుకుని అడగాలి. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమి, శ్మశానం, పశువులు మేసే గైరాన్ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా, అవి ఊరందరివీ. సీలింగ్‌లో, అంటే భూపరిమితి చట్టం కింద సర్కారుకు వచ్చిన మిగులు భూమి, సాగుకు పనికొచ్చే బంజరు అయితే అడగొచ్చు. నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న తరి భూమి రెండున్నర ఎకరాలు లేదా మెట్ట ఐదెకరాలు మించకుండా ఇవ్వాలి. ఎమ్మెల్యే అధ్యక్షుడుగా ఉండే అసైన్‌మెంట్ కమిటీ పేర్లు ఖరారు చేస్తుంది, అంటే కమిటీ కూర్చోకపోతే నీ దరఖాస్తు కదలదు. అందుకే ఒక్కదానివే పోకు. భూమి లేని ఇళ్లవాళ్లు నలుగురైదుగురు కలిసి సర్వే నంబరు రాసి తహసీల్దార్‌కు ఇవ్వండి, రసీదు తీసుకోండి, ఒక కాపీ సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఇవ్వండి. తొందరగా అవుతుందని మాత్రం ఆశ పెట్టను.

మాదాపూర్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: పేదలకు ఇచ్చిన భూములు ఎలాగూ అమ్ముకుంటున్నారు. కోకాపేటలో ఎకరం వంద కోట్లు పలికింది. అలా అమ్మేసి ఆ డబ్బు పేదల మీదే ఖర్చు పెడితే మేలు కదండీ?

పలికిన మాట నిజమే, 2023 ఆగస్టు వేలంలో ఒక ఎకరం 100.75 కోట్లకు పోయింది. కోకాపేటలో జొన్న వేసుకుంటామని ఎవరూ అడగడం లేదండీ. మనం మాట్లాడేది సిటీకి అరవై, ఎనభై కిలోమీటర్ల అవతల రాళ్లు తేలిన రెండెకరాల చెలక గురించి.

ఎందుకు అమ్ముకుంటున్నారో ఒక్కసారి వాళ్లనే అడిగి చూడండి. నీళ్లు లేవు, బోరు వేస్తే పడలేదు, వేయడానికి చేసిన అప్పు మిగిలింది, ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అయింది. పేదవాడికి మంచి భూమి ఎప్పుడూ దక్కలేదు, మిగిలిన భూమి దక్కింది. 2011లో ఇందిర జలప్రభ కింద ఎస్సీ, ఎస్టీల అసైన్డ్ భూముల్లో బోర్లు వేయాలనుకున్నదీ, 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో పోడు, అంటే అడవి కొట్టి సాగు చేసుకున్న భూములకు ఇచ్చిన పట్టాల మీద సోలార్ పంపుసెట్లు ఇచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టిందీ ఈ కారణంతోనే. పట్టాతో పాటు నీళ్లు ఇవ్వకపోతే ఇచ్చినట్టు కాదని ప్రభుత్వాలకూ తెలుసు.

ఇంకొకటి. 2014 ఆగస్టు 15న దళిత మహిళలకు మూడెకరాల పథకం పెట్టినప్పుడు ప్రభుత్వం ప్రైవేటు భూమి కొని పంచాల్సి వచ్చింది. ధరలు పెరిగి, అమ్మేవాళ్లు దొరక్క అది అనుకున్నంత మందికి చేరలేదు. ఒక చేత్తో పేదల కోసం భూమి కొంటూ ఇంకో చేత్తో ఉన్న భూమి అమ్ముకుంటూ పోతే ఎప్పటికి తెములుతుంది? డబ్బు ఆ బడ్జెట్‌తో అయిపోతుంది, పొలం ఏటా వానాకాలానికి ఇంత తిండి పెడుతుంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో నలభై దళిత కుటుంబాలు వినోబా భావేను అడిగింది కూడా ఎనభై ఎకరాల భూమే. అక్కడి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారు. కాబట్టి మీ మాటతో నేను ఏకీభవించను.

ఆసిఫాబాద్ నుంచి వచ్చి మియాపూర్‌లో వాచ్‌మన్‌గా చేస్తున్న పెద్దాయన: మేము గిరిజనులం కాదు. మా నాయన కాలం నుంచి అడవి అంచున పోడు చేస్తున్నం. మాకు పట్టా వస్తదా?

బాబాయ్, 2006 అటవీ హక్కుల చట్టంలో మీలాంటివాళ్లకూ చోటుంది, కాకపోతే షరతు గట్టిది. 2005 డిసెంబర్ 13 నాటికి భూమి మీ సాగులో ఉండాలి, అంతకుముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, మీ కుటుంబం ఆ అడవి మీద ఆధారపడి అక్కడే బతికినట్టు చూపించాలి. మీరు నాయన కాలం అని రాశారు, తాత కాలం నాటి ఆధారం కూడా కావాలి. పాత ఓటరు జాబితా, కోర్టు కాగితాలు, ఊరి పెద్దల వాంగ్మూలం కూడా పనికొస్తాయి. క్లెయిమ్ మొదట పెట్టాల్సింది గ్రామసభలోనే, ఆఫీసులో కాదు. పట్టా వస్తే అది మీ పేరా, పిన్నిగారి పేరా కలిపే రావాలి, ఆ సంగతి దరఖాస్తు రాసేటప్పుడే చూసుకోండి.