చికిత్స గదిలో తీసిన వీడియో: దావా దేనిపై వేయాలి?

ప్రశ్న: సినిమాల్లో, సీరియళ్లలో చిన్న పాత్రలు వేస్తుంటాను. తాగుడు మానడానికి హైదరాబాద్‌లో ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో చేరితే, అక్కడ మంచంపై ఉండగా ఎవరో తీసిన వీడియోను ఒక యూట్యూబ్ ఛానల్ ప్రసారం చేసింది. నేను నర్సును కొట్టానని కూడా అబద్ధం చెప్పింది. పది నెలలైంది, వేషాలు పోయాయి. లింకు దాచుకోలేదు, ఫోన్ కూడా మార్చేశాను. నాకు ఆ అలవాటే లేదంటూ పరువునష్టం దావా వేయవచ్చా?

సమాధానం: అలా వేయకండి. నిజమని రుజువైన మాటకు సివిల్ కోర్టులో పరువునష్టం పరిహారం రాదు. పైగా అవతలివారు సెంటర్‌లోని మీ చికిత్స రికార్డును (కేసు షీటు) కోర్టుకు రప్పిస్తే, తప్పుడు సాక్ష్యం ఇచ్చినందుకు భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరానికి మీరే ముద్దాయి అవుతారు.

మీ కేసును తేల్చేది ఆ వీడియో ఎక్కడ తీశారన్న విషయం. మద్యం దురలవాటుతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కించే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటోను గానీ మరే సమాచారాన్ని గానీ ఆయన అనుమతి లేనిదే మీడియాకు ఇవ్వరాదని 24వ సెక్షన్‌లో స్పష్టంగా చెప్పింది. నటుడి గురించి తెలుసుకునే హక్కు ప్రజలకుందన్న వాదన చికిత్స గది దాకా రాదు. కాబట్టి దావా ప్రధానంగా అనుమతి లేకుండా ఆ వీడియోను బయటపెట్టడంపైనే వేయండి.

నర్సును కొట్టారన్న అబద్ధానికి మాత్రం పరువునష్టం దావా నిలుస్తుంది. అయితే దానికి కాలపరిమితి ప్రచురించిన నాటి నుంచి ఒక్క ఏడాదే. వీడియో ఇంకా కనిపిస్తున్నంత మాత్రాన గడువు రోజూ కొత్తగా మొదలవదని ఢిల్లీ హైకోర్టు 2013లో చెప్పింది. అంటే మీకు మిగిలింది రెండు నెలలు.

లింకు దాచకపోవడం, ఫోన్ మార్చేయడం క్షమించరాని అజాగ్రత్త. సెంటర్ సీసీటీవీ దృశ్యాలు ఈపాటికి చెరిగిపోయి ఉండవచ్చు. ఈరోజే వీడియోను లింకు, తేదీతో సహా భద్రపరచి, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ కాపీని కోర్టులో చూపడానికి కావలసిన ధ్రువపత్రం సిద్ధం చేయించండి. అది లేకపోతే ఆ కాపీని సాక్ష్యంగా తీసుకోవడానికి కోర్టు నిరాకరించవచ్చు. చేరిన రశీదు, డిశ్చార్జి పత్రం, వేషం రద్దు చేస్తూ నిర్మాతలు పంపిన సందేశాలు కూడా కావాలి.

సెంటర్ బాధ్యుడికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, సరైన జవాబు రాకపోతే అదే మానసిక ఆరోగ్య చట్టం కింద ఫిర్యాదులు వినే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు వెళ్లండి. సేవాలోపంపై వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు పరిహారం కోరవచ్చు. ఛానల్‌పై వేసే దావాలో వీడియో తొలగింపునకు ఇంజంక్షన్ (కోర్టు ఉత్తర్వు) కూడా అడగండి. మీరు చికిత్స తీసుకున్న సంగతిని ఆ వాదపత్రం మొదటి పేరాలోనే మీరే రాయండి.