కన్నవాడా, కలిగినవాడా? నైసియా సభ మాటలు తెలుగులో

సందేహం: క్రైస్తవ బిషప్పులు విశ్వాస ప్రమాణం కూర్చిన క్రీ.శ. 325 నాటి నైసియా సభ గురించి మా బడి గోడపత్రికకు చిన్న వ్యాసం రాశాను. అందులో క్రీస్తు గురించి 'కుమారుడు తండ్రి కలుగజేసినవాడు కాడు, తండ్రి వలన కలిగినవాడు. తండ్రితో సారూప్యం గలవాడు' అని ఒక వాక్యం ఉంది. చదివిన మా సహోపాధ్యాయుడు 'కలగడానికీ కలుగజేయడానికీ తేడా ఏముందండీ? సారూప్యం అనే బరువైన మాటెందుకు, సమానుడు అంటే పోదా?' అన్నారు. మా ఇద్దరిలో ఎవరిది ఒప్పు?

సమాధానం: మీ సహోపాధ్యాయుడి మొదటి ప్రశ్న చాలా పాతది. తండ్రి కన్నాడా, చేశాడా, ఆ రెంటికీ తేడా ఉందా అన్నదాని మీదే నాలుగో శతాబ్దంలో అరవై ఏళ్లకు పైగా వాదం నడిచింది. అలెగ్జాండ్రియా బిషప్పు అథనేషియస్ ఆ వాదంలో ఐదుసార్లు ప్రవాసం పాలయ్యాడు. అందుకని ముందు మీ వాక్యంలోని క్రియను చూద్దాం.

'కలుగు' మనకు చాలా విశాలమైన మాట. 'వాళ్లకు లేకలేక కొడుకు కలిగాడు' అంటాం. 'నాకు అనుమానం కలిగింది' అంటాం. 'వానలకు పంటనష్టం కలిగింది' అనీ అంటాం. బిడ్డకూ, అనుమానానికీ, నష్టానికీ ఒకటే క్రియ. ఇదివరకు లేనిది ఇప్పుడు ఉంది అన్నంతవరకే అది చెబుతుంది. ఎవరిలోంచి వచ్చింది, ఏ విధంగా వచ్చింది అన్నది చెప్పదు. యోహాను సువార్త మొదటి అధ్యాయం తెలుగులో తెరిచి చూడండి. మూడో వచనంలో సృష్టి గురించి 'సమస్తమును ఆయన మూలముగా కలిగెను' అని ఉంటుంది. పద్నాలుగో వచనంలో కుమారుడి గురించి 'తండ్రివలన కలిగిన అద్వితీయకుమారుని మహిమ' అని ఉంటుంది. గ్రీకులో మొదటి చోట 'అయింది, ఉనికిలోకి వచ్చింది' అనే క్రియ ఉంది. రెండో చోట ఆ పదబంధంలో క్రియే లేదు, 'తండ్రి నుంచి' అన్న మాట మాత్రమే ఉంది. తెలుగు వాక్యం నడవడానికి ఏదో ఒక క్రియ కావాలి కనక అనువాదకులు 'కలిగిన' చేర్చారు. మన చెవికి అది కొడుకు కలగడంలాగే సహజంగా వినిపిస్తుంది కూడా. అయితే సృష్టి కలిగింది, కుమారుడూ కలిగాడు అని పక్కపక్కన పెడితే, ఇద్దరిదీ ఒకే దారి అన్నట్టవుతుంది.

సరిగ్గా ఆ మాటే ఏరియస్ అన్నాడు. అలెగ్జాండ్రియాలో ప్రెస్బిటర్‌గా, అంటే బిషప్పు కింద పాదిరిగా, ఉన్న ఏరియస్ 318 ప్రాంతంలో తన బిషప్పు అలెగ్జాండర్ బోధను ఎదిరించాడు. నికొమీడియా బిషప్పు యూసీబియస్‌కు రాసిన ఉత్తరంలో కుమారుడి గురించి, ఆయన 'కనబడక ముందు, లేదా సృజింపబడక ముందు, లేదా నియమింపబడక ముందు, లేదా స్థాపింపబడక ముందు' లేడు అన్నాడు. నాలుగు క్రియలనూ 'లేదా'లతో ఒకే దారానికి గుచ్చడంలోనే అతని సిద్ధాంతమంతా ఉంది. కనడమంటే చేయడంలో ఒక రకమే అన్నది అతని పట్టు.

గ్రీకు భాష కూడా ఆ పట్టుకు సాయం చేసింది. 'కన్నది' అనడానికి గెన్నేతోస్. 'ఉనికిలోకి వచ్చినది' అనడానికి గెనేతోస్. తెలుగు లిపిలో రాసినా తేడా ఒక నకారపు ఒత్తే. తండ్రి ఒక్కడే ఎవరూ కననివాడు, ఎప్పుడూ మొదలవనివాడు. కుమారుడు కన్నవాడు గనక మొదలైనవాడే అవుతాడన్నది ఏరియస్ వాదం. ఒత్తు ఉన్న మాట నుంచి ఒత్తు లేని మాటకు అడుగు వెయ్యడం అంత సులువు. నైసియా సభ (ఆ ఊరు ఇప్పటి తుర్కియేలోని ఇజ్నిక్) ఆ అడుగును అడ్డుకోవడానికే విశ్వాస ప్రమాణంలో మూడే మాటలు పెట్టింది. కన్నవాడు, చేసినవాడు కాడు. రెండో క్రియను పూర్తిగా వేరే ధాతువు నుంచి తీసుకుంది. కుండ చెయ్యడానికీ, పని చెయ్యడానికీ వాడే మామూలు క్రియ అది.

ఇప్పుడు తెలుగులో ఏ మాట వాడాలో చూడండి. 'పుట్టించు' పనికిరాదు. 'పుట్టించినవాడే దిక్కు' అన్నప్పుడు మనం అనేది సృష్టికర్తనే. కొడుకును పుట్టించాడన్నా, లోకాన్ని పుట్టించాడన్నా ఒకటే మాట కాబట్టి వాదం మళ్లీ మొదటికొస్తుంది. మిగిలింది 'కను'. ఇది మనకున్న గొప్ప సౌకర్యం. తెలుగులో తల్లే కాదు, తండ్రీ కంటాడు. 'కన్నతండ్రి' అన్న మాట ఎవరికీ వింతగా తోచదు. రెండో కీర్తనను తెలుగు చేసినవారు 'నీవు నా కుమారుడవు నేడు నిన్ను కనియున్నాను' అన్నారు. అదీ సరైన క్రియ. చెట్టునో, రాయినో, ఇంటినో ఎవరూ 'కనరు'. కన్నది ఎప్పుడూ కన్నవారి జాతే అవుతుంది. మనిషి ఇల్లు కట్టినా ఓడ చేసినా అవి అతనికి బయటివే, కొడుకు మాత్రం అతనిలోంచి వచ్చినవాడు అని అథనేషియస్ వాదించాడు. ఈ తేడా తెలుగు క్రియలోనే ఇమిడి ఉంది.

అయితే ఈ క్రియతో ఒక చిక్కు ఉంది. పైన ఏరియస్ మాటలు తెలుగు చేసేటప్పుడు 'కనబడక ముందు' అని రాశాను. చదవగానే మీకు 'కంటికి కనిపించక ముందు' అని తోచి ఉంటుంది. చూడడానికీ, బిడ్డను కనడానికీ ఒకే రూపం కావడంతో ఈ 'కను'కు 'బడు' చేరిస్తే చూపు అర్థమే ముందుకొస్తుంది. ఇంతకన్నా తమాషా, 'కన్నవాడు' అని విడిగా రాస్తే తండ్రి అనే అర్థం వస్తుంది. కన్నవారంటే అమ్మానాన్నలే కదా! కొడుకు అని చెప్పాలంటే కర్తను పక్కనే పెట్టాలి: 'తండ్రి కన్నవాడు'. ఆ ఒక్క మాటతో చూపు అర్థమూ పోతుంది, తలకిందులయ్యే ప్రమాదమూ పోతుంది. 'కన్న', 'చేసిన' వంటి మన క్రియాజన్య విశేషణాలకు కర్తరి, కర్మణి అన్న పట్టింపు లేదు. పక్కనున్న మాటే అర్థాన్ని తేలుస్తుంది. గ్రాంథికం కావాలంటే 'జనితుడు, నిర్మితుడు కాడు' అనవచ్చు. వ్యాకరణ దృష్ట్యా దోషం లేదు. కాని బడిపిల్లలు చదివే గోడపత్రికకు 'తండ్రి కన్నవాడు, చేసినవాడు కాడు' అన్నదే నాకు ఇష్టం.

మీరు 'కలుగజేసినవాడు కాడు' అని రాయడం వెనక బైబిల్లోని సామెతల గ్రంథం ఉందేమో అనిపించింది. ఎనిమిదో అధ్యాయం 22వ వచనంలో జ్ఞానం 'యెహోవా నన్ను కలుగజేసెను' అంటుంది. ఏరియస్ పక్షానికి ఇది బ్రహ్మాస్త్రం. వాళ్లు చదివిన గ్రీకు అనువాదంలో అక్కడ 'సృజించెను' అని ఉంది. హీబ్రూలో ఉన్న క్రియ మాత్రం కానా. అదే క్రియను ఆదికాండం నాలుగో అధ్యాయంలో, కయీను పుట్టినప్పుడు, హవ్వ వాడింది. అక్కడ తెలుగులో 'నేనొక మనుష్యుని సంపాదించుకొన్నాను' అని ఉంది. సంపాదించుకోవడం, కలిగి ఉండడం, సృజించడం ఇవన్నీ ఆ క్రియలో ఉన్నాయి. లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ 'కలిగి ఉన్నాడు' అన్న వైపు మొగ్గాడు. ఆశ్చర్యమేమిటంటే మన 'కలుగు'కూ ఇదే వైశాల్యం ఉంది. 'నాకు ఇద్దరు పిల్లలు కలరు' అన్నప్పుడు అది ఉండడం. 'కలవారి కోడలు' అన్నప్పుడు ఆస్తి. కలిమి అన్న మాట అందులోంచి వచ్చిందే. తెలుగు అనువాదకులు 'కలుగజేసెను' అని ప్రేరణార్థకం చేసి సృష్టి వైపు కొద్దిగా మొగ్గినా, ధాతువులో ఆ రెండు అర్థాలూ అలాగే ఉండిపోయాయి.

ఇక సారూప్యం. సభ వాడిన మాట హోమోఊసియోస్. 'హోమో' అంటే ఒకటే, అదే. 'ఊసియా' అంటే ఉండడం నుంచి వచ్చిన నామవాచకం. తప్పిపోయిన కుమారుడి కథలో చిన్నవాడు తండ్రిని 'ఆస్తిలో నాకువచ్చు భాగమిమ్మని' అడుగుతాడు కదా, ఆ ఆస్తికి గ్రీకులో ఉన్న మాట కూడా ఊసియానే. మన ఆస్తి కూడా సంస్కృతపు 'అస్తి', అంటే 'ఉంది', అన్న దానికి చుట్టమే. ఉన్నది ఆస్తి అవుతుంది, కలిగింది కలిమి అవుతుంది. గ్రీకు వీధుల్లోనూ తెలుగు వీధుల్లోనూ ఒకే ఆలోచన నడిచిందని గమనించినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది.

కాని సిద్ధాంతంలో ఊసియా అంటే ఆస్తి కాదు గదా. 'పదార్థం' అని కొందరు రాస్తారు. తెలుగులో పదార్థమనగానే పిండో, లోహమో, వంటకమో గుర్తుకొస్తుంది. తండ్రిని ముక్కలు చేసి ఒక ముక్క కొడుక్కిచ్చారా అని ఆనాటి వ్యతిరేకులు అడిగిన ఆక్షేపణకు ఈ మాట దారి తీస్తుంది. 'సత్త' వ్యుత్పత్తి ప్రకారం చాలా దగ్గర, కాని 'సత్తా చాటాడు' అన్న వాడుక వల్ల బలం అన్న అర్థం చొరబడుతుంది. 'స్వభావం' బాగానే ఉంటుంది గాని, దాన్ని మరో గ్రీకు మాట ఫూసిస్ కోసం దాచిపెట్టాలి. 451లో కాల్సిడన్ సభ క్రీస్తుకు రెండు ఫూసిస్‌లు అన్నది. ఇక్కడ 'ఏకస్వభావుడు' అని రాసి, అక్కడ 'రెండు స్వభావాలు' అని రాస్తే పాఠకుడు నూట ఇరవై ఆరేళ్లలో సంఘం మాట మార్చిందనుకుంటాడు. అందుకే 'సారం' మేలు.

ముందు పెట్టవలసింది 'ఏక'యా, 'స'యా, 'సమ'యా అన్నది తరవాతి ప్రశ్న. ఇక్కడ మీ సారూప్యం దెబ్బతింటుంది. తెలుగు పాఠకుడికి ఈ మాట ముక్తి భేదాల్లోంచి వస్తుంది. సాలోక్యం, సామీప్యం, సారూప్యం, సాయుజ్యం అని నాలుగు మెట్లు. సారూప్యం పొందినవాడికి దేవుని రూపం వంటి రూపం వస్తుంది, కాని అతను వేరు, దేవుడు వేరు. అంటే అది పోలిక. నైసియా సభ తప్పించాలనుకున్నది పోలికనే. పోలికను నిలబెట్టినవారు ముప్పై ఏళ్ల తరవాత వచ్చారు. 358లో అంకీరా బిషప్పు బేసిల్ చుట్టూ చేరినవారు సారంలో పోలినవాడు అన్న అర్థంలో హోమోయ్‌ఊసియోస్ అన్నారు. అది కూడా సరిపోదు, సారం అన్న మాటే వద్దు, ఉత్త 'పోలినవాడు' అందాం అన్నవారు 359 నాటి సభల్లో గెలిచారు. ఒక్క అక్షరం కోసం నైసియాలో కొట్టుకున్నారని తరచుగా రాస్తుంటారు. ఆ అక్షరం తగాదా ఈ 350ల నాటిది, 325 నాటిది కాదు. మీ వ్యాసంలో ఆ పొరపాటు రానివ్వకండి.

'సమానుడు' అన్నది తప్పు మాట కాదు. ఫిలిప్పీ పత్రికలో 'దేవునితో సమానముగా ఉండుట' అని ఉంది. కాని సమానం అనగానే రెండు వస్తువులు త్రాసులో పెట్టి తూచినట్టు ఉంటుంది. రెండు శేర్ల బియ్యం సమానమే, ఒకదాన్నుంచి ఒకటి రాలేదు. పుట్టుక గురించి సమానుడు ఏమీ చెప్పదు. సభకు ముఖ్యమైంది పుట్టుకే.

'ఏకసారుడు' అన్నా అనుమానం పూర్తిగా పోదని ఒప్పుకోవాలి. ఏకోదరులంటే ఒకే కడుపున పుట్టిన ఇద్దరు. అలాగే ఏకసారులంటే ఇద్దరికీ ముందు ఒక సారం ఉందని, అది ఇద్దరూ పంచుకున్నారని అర్థం తియ్యవచ్చు. ఆనాడూ ఇదే భయం. పైగా 268లో అంతియొకయ సభ, సమోసటకు చెందిన పౌలు బోధను ఖండిస్తూ, ఈ మాటనే తిరస్కరించింది. అందుకే నైసియా ప్రమాణం ఆ మాటను ఒంటరిగా వదలలేదు. ముందు 'తండ్రి సారంలోంచి' అని చెప్పి, తరవాతే ఏకసారుడంది. మీరూ ఆ రెంటినీ విడదీయకండి.

హుపోస్టాసిస్ అన్న మరో గ్రీకు మాట గురించి మీరు అడగలేదు గాని, వ్యాసం పెంచితే తగులుతుంది. 325లో అది ఊసియాకు పర్యాయపదమే. కైసరయ బిషప్పు బేసిల్ (పైన చెప్పిన అంకీరా బేసిల్ వేరు), నాజియాన్జస్, నిస్సా గ్రెగరీలు ఇద్దరూ దాన్ని తండ్రి, కుమార, ఆత్మలలో ఒక్కొక్కరికి వాడి స్థిరపరచారు. 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభ నాటికి ఆ తేడా కుదిరింది. తెలుగు బైబిల్లో హెబ్రీ పత్రికలో ఈ ఒక్క మాటే ఒకచోట 'తత్వము', మరోచోట 'నిజస్వరూపము' అయింది. ఇప్పుడు 'వ్యక్తి' అనడం వాడుక. అదే ఉంచండి.

మీరు మరో వాక్యంలో ఏరియస్ మాటగా 'ఆయన లేని కాలం ఒకటుండేది' అని రాసే అవకాశం ఉంది. చాలామంది అలాగే రాస్తారు. ఏరియస్ జాగ్రత్తగా కాలం అన్న మాట వాడలేదు. కాలాల కన్నా ముందే కుమారుడు వచ్చాడని అతనూ ఒప్పుకున్నాడు. అతను అన్నది 'ఆయన లేనప్పుడంటూ ఒకటుంది'. మన 'అప్పుడు'లోనూ పొద్దు దాగి ఉందనుకోండి, అయినా కాలం అని బాహాటంగా చెప్పడం కన్నా అది అతని మాటకు దగ్గర.

ఇవన్నీ పండితుల గది గొడవలని మీ పిల్లలకు తోచవచ్చు. నిస్సా బిషప్పు గ్రెగరీ కాన్‌స్టాంటినోపుల్ గురించి చెప్పింది వాళ్లకు వినిపించండి. అక్కడ చిల్లర అడిగితే కన్నవాడు, కననివాడు అని తర్కం మొదలుపెడతారట. రొట్టె ధరెంత అంటే, తండ్రి గొప్ప, కుమారుడు తక్కువ అంటారట. స్నానానికి నీళ్లు కాగాయా అంటే, కుమారుడు శూన్యంలోంచి వచ్చాడంటారట. ఏరియస్ తన బోధను పాటలుగా కట్టి ఓడవాళ్లకూ తిరగలి విసిరేవాళ్లకూ నేర్పాడని కూడా చెబుతారు. క్రియాపదం వీధిలో నలిగిన రోజులవి.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: 'కుమారుడు తండ్రి సారంలోంచి తండ్రి కన్నవాడు, చేసినవాడు కాడు, తండ్రితో ఏకసారుడు.'