వద్దన్నా వెంటపడేవాడి బుర్రలో ఏం జరుగుతుంది?

ప్రశ్న: బరంపురంలో చదువుతున్న మా చెల్లి ఒకబ్బాయికి వద్దని చెప్పి ఆర్నెల్లయింది. అయినా కాలేజీ గేటు దగ్గర నుంచి ఇచ్ఛాపురం రైలెక్కేదాకా వెంటపడుతున్నాడు. ఎందుకిలా?

జవాబు: మానసిక వైద్యుడు పాల్ ముల్లెన్ బృందం 1999లో ఇలాంటివాళ్లను ఐదు రకాలుగా విడదీసింది. తెగిపోయిన బంధాన్ని వదల్లేనివాడు ఒక రకం. పరిచయం ఎలా పెంచుకోవాలో తెలియక మీదపడేవాడు మరో రకం. ఆమె లోలోపల తనను ప్రేమిస్తోందని నమ్మేవాళ్లూ ఉంటారు. మొదటి రకంలో ప్రేమా పగా కలిసే ఉంటాయి. నిన్న బతిమాలినవాడు ఇవాళ బెదిరిస్తాడు, అందుకే వాడితోనే ఎక్కువ జాగ్రత్త.

ఇంకో సంగతి. పేకాటలో ఎప్పుడో ఒకసారి వచ్చే డబ్బే మనిషిని లేవనివ్వదు కదా, ఇదీ అంతే. నెల రోజులు పలకకుండా ఉండి, విసిగిపోయి ఒక్క తిట్టు మెసేజ్ పెట్టినా వాడికది గెలుపే. ‘ఓపిక పడితే పలుకుతుంది’ అని నేర్చుకుంటాడు. కాబట్టి ఒక్కసారి స్పష్టంగా వద్దని చెప్పాక ఇక మౌనమే మేలు. మెసేజీలు మాత్రం చెరిపేయొద్దు.

‘కుర్రాడు, నాలుగు రోజులు తిరిగి ఊరుకుంటాడులే’ అనే పెద్దల మాట నాకు మింగుడుపడదు. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద ఇది నేరం: మొదటిసారి 3 ఏళ్ల దాకా, మళ్లీ చేస్తే 5 ఏళ్ల దాకా జైలు. ఒడిశాలో జరిగిందని ఇచ్ఛాపురం స్టేషన్‌లో తిప్పి పంపడానికి వీల్లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా నమోదు చేసే కేసు) ఎక్కడైనా రాయాల్సిందే.