చిట్టికి, గడ్డల సంగతి

చిట్టీ,

వచ్చే వారం నుంచి బెంగళూరులో సర్జరీ ఓపీలో కూర్చుంటావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో సంతోషం, నాకేమో కడుపులో టెన్షన్. మన ఇంట్లో మొదటి సర్జన్‌వి మరి! చెన్నైలో 30 ఏళ్ళు థియేటర్ నర్సుగా చేశాను, అందుకని నాలుగు మాటలు.

గడ్డలతో చాలామంది వస్తారు. ఇక్కడివాళ్ళు 'కట్టి' అంటారు, అక్కడ 'గడ్డె' అంటారు, మనవాళ్ళు అన్నిటినీ కాయ అనేస్తారు. మెత్తగా ఉండి వేలి కింద జారిపోతే కొవ్వు గడ్డ కావచ్చు. చర్మానికి అంటుకుని మధ్యలో నల్లచుక్క ఉంటే తిత్తి. మణికట్టు మీదిది టార్చి వేస్తే వెలిగితే గాంగ్లియన్, కీలు దగ్గర జిగురు నీరు నిండిన తిత్తి. మెడలో బిళ్ళ కట్టి, ఎరుపూ వేడీ లేకుండా మెత్తబడితే టీబీని మర్చిపోకు. సెగ్గడ్డ అనుకుని కోశావో, నెలల తరబడి కారుతూనే ఉంటుంది. ఇవన్నీ నువ్వు చదివినవే.

తొడలోది మాత్రం నేను చెప్తా, విను.

1987. చూళైలో పూలు కట్టే ఆవిడ, తెలుగావిడే. "ఉసిరికాయంత ఉండేది సిస్టర్, ఆరు నెలల్లో బత్తాయంత అయింది" అని నాకే చెప్పింది. నొప్పి లేదంటే కొవ్వేలే అన్నారు పెద్ద డాక్టరు. తొడ బిగించమని కూడా ఎవరూ అడగలేదు. బిగించినప్పుడు గడ్డ కదలకపోతే లోతుగా ఉందని అప్పుడే తెలిసేది. మత్తిచ్చి తీసేశారు. కొవ్వు గడ్డయితే వెన్నముద్దలా పచ్చగా ఉంటుంది. ట్రేలో ఉన్నది చేప కండలా తెల్లగా ఉంది. నా చేతిలో ఫార్మలిన్ సీసా, ముక్క పాడవకుండా ల్యాబుకి పంపే మందు నీళ్ళది. ల్యాబుకి పంపుదామా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఆవిడకి ఖర్చెందుకు సిస్టర్, కట్టు కట్టెయ్" అన్నారు. బకెట్లో వేసింది నేనే.

ఏడు నెలలకి ఆ కుట్ల మీదే మళ్ళీ లేచింది. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో సార్కోమా అన్నారు, కండలోనో కొవ్వులోనో పుట్టే క్యాన్సర్. కాలు తీసేశారు. తర్వాత ఆవిడ మా గేటు దగ్గరే మల్లెపూలు అమ్మేది. నన్ను చూస్తే ఒక మూర ఎక్కువ కొలిచేది.

అందుకే, 5 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, లోతుగా ఉన్నా కత్తి ముట్టుకోకు. నొప్పి లేదన్న మాట నమ్మకు. ముందు అల్ట్రాసౌండ్, లోతైనదైతే ఎంఆర్ఐ, ఆపైన సూదితో ముక్క. అదీ ఆపరేషన్ చేయబోయేవాళ్ళని అడిగాకే, సూది వెళ్ళిన దారిని కూడా వాళ్ళు తీసేయాల్సి రావచ్చు. మీ దగ్గరే కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉందిగా, పంపడానికి నామోషీ పడకు. అలాగని వచ్చినవాళ్ళందరినీ బెదరగొట్టకే తల్లీ, ఎక్కువ గడ్డలు ఉత్త కొవ్వే. చిన్నప్పుడు మోకాలికి బొప్పి కడితే "అత్తా, ఇది పోతుందా" అని వారం రోజులు నా ప్రాణం తీశావు, గుర్తుందా?

డ్యూటీలో టీ మీదే బతకకు. నెలాఖరుకి బృందావన్ రైలెక్కి వస్తా, గోంగూర పచ్చడి తెస్తా. మీ థియేటర్ సిస్టర్‌కి కూడా ఒక సీసా. ఆవిడ ఏదో చెప్పబోయి ఆగితే, "ఏంటి సిస్టర్" అని అడుగు.

నీ అత్త