మైనస్ ఒకటి చుట్టూ ప్రదక్షిణం

ప్రశ్న: మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు ఇంజనీరింగ్ కళాశాలలో ఇంగ్లీషు. కంట్రోల్ సిస్టమ్స్ పాఠంలో నైక్విస్ట్ పటం గీయడం నేర్చుకున్నాను, పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. కానీ ఆ వక్రరేఖ -1 అనే బిందువును చుట్టితే వ్యవస్థ అస్థిరమని ఎందుకంటారో, సున్నాను వదిలి -1నే ఎందుకు చూడాలో నాకు అర్థం కాలేదు. ఎవరినడిగినా సూత్రమే చెబుతున్నారు.
— ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: మీరు గీస్తున్న పటం క్లోజ్డ్ లూప్‌ది (ఫలితాన్ని కొలిచి వెనక్కి పంపి కలిపిన పూర్తి చుట్టుది) కాదు, లూప్‌ను ఒకచోట తెంచి గీసిన ఓపెన్ లూప్‌ది. తెంచిన చోట ఒక సైన్ తరంగాన్ని పంపి, అది కంట్రోలరు, యంత్రం, కొలిచే పరికరం అన్నీ దాటి రెండో కొసకు చేరేసరికి ఎంత పెరిగిందో, ఎంత వెనకబడిందో ఒక్కొక్క పౌనఃపున్యం దగ్గర గుర్తించుకుంటూ పోతే, ఆ గుర్తులన్నీ కలిపిన గీతే నైక్విస్ట్ వక్రం. ఫీడ్‌బ్యాక్ కలిసే చోట తీసివేత గుర్తు ఉంటుంది కనుక, తరంగం అదే పరిమాణంతో సరిగ్గా 180 డిగ్రీలు వెనకబడి వస్తే, ఆ తీసివేత దానిని మళ్ళీ తిరగేసి, మొదట పంపిన తరంగంతో అచ్చంగా సరిపోయేలా చేస్తుంది. అప్పుడు బయటి నుంచి ఏమీ పంపకపోయినా తరంగం తనను తానే పోషించుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. ఒకటి పరిమాణం, 180 డిగ్రీల వెనకబాటు అంటే సంకీర్ణ తలంలో -1 బిందువే. సమీకరణం వైపు నుంచి చెప్పాలంటే, క్లోజ్డ్ లూప్ భిన్నంలో హారం ‘ఒకటి కూడిక ఓపెన్ లూప్’. ఆ హారం సున్నా కావాలంటే ఓపెన్ లూప్ విలువ -1 కావాలి.

ఇంతవరకూ మీ పాఠ్యపుస్తకంలోనూ ఉండి ఉంటుంది. చిక్కు దీని తరువాతే మొదలవుతుంది. ‘180 డిగ్రీలు వెనకబడిన చోట పరిమాణం ఒకటి కంటే ఎక్కువ ఉంటే తరంగం ప్రతి చుట్టుకూ పెరుగుతుంది కదా, కాబట్టి వ్యవస్థ అస్థిరం’ అని చాలామంది ముగించేస్తారు. ఈ తర్కం సులువుగా కనిపిస్తుంది, పరీక్షలో వచ్చే చాలా లెక్కలకు సరిపోతుంది కూడా, కానీ తప్పు. 1927 ఆగస్టు 2న బెల్ ప్రయోగశాలల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ హడ్సన్ నదిని పడవలో దాటుతూ, చేతిలోని వార్తాపత్రిక కాగితం మీద ఋణాత్మక ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయరును గీసుకున్నాడు. ఆ తరహా యాంప్లిఫయర్లను కట్టి చూసినప్పుడు, పై తర్కం ప్రకారం తప్పక ఊగిపోవలసినవి కొన్ని నిశ్చలంగా పనిచేశాయి. స్వీడన్‌లో పుట్టి, ఆ ప్రయోగశాలల మాతృసంస్థ ఏటీ అండ్ టీలో పనిచేస్తున్న హ్యారీ నైక్విస్ట్ ఈ చిక్కును 1932లో విప్పాడు. ఆయన తన వ్యాసంలో గుర్తుల ఏర్పాటు వేరుగా తీసుకోవడం వల్ల అక్కడి కీలక బిందువు +1. మనం వాడే -1 తరువాతి పుస్తకాల అలవాటు.

నైక్విస్ట్ చెప్పినది ఏమిటంటే, వక్రం ఋణ అక్షాన్ని -1కు ఎడమ పక్కన దాటిందా అన్నది అసలు ప్రశ్నే కాదు, మొత్తం మీద -1 చుట్టూ ఎన్ని పూర్తి చుట్లు తిరిగింది అన్నదే ప్రశ్న. మీ ఊరి మజ్జిగౌరమ్మ గుడిలో ప్రదక్షిణం చేసే మనిషిని ఊహించుకోండి. మీరు -1 దగ్గర నిలబడి, వక్రం మీద నడిచే ఆ మనిషి వైపే ముఖం తిప్పుతూ ఉంటే, అతని నడక ముగిసేసరికి మీరు మీ చోటనే ఎన్నిసార్లు పూర్తిగా తిరిగారో అదే చుట్ల లెక్క. అతను కాసేపు ముందుకు వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఎడమ పక్కన ఒకసారి పైనుంచి కిందికీ ఒకసారి కిందినుంచి పైకీ దాటితే, ఆ రెండూ కొట్టుకుపోయి నికరం సున్నా అవుతుంది. అలాంటి వ్యవస్థ స్థిరంగానే ఉంటుంది, కాకపోతే దానికి ఒక వింత గుణం అబ్బుతుంది: గెయిన్ (లూప్ తరంగాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) పెంచితే చెడినట్లే, తగ్గించినా చెడుతుంది. బ్లాక్ కాలపు వాల్వు (వాక్యూమ్ ట్యూబు) యాంప్లిఫయర్లలో వాల్వులు పాతబడి గెయిన్ పడిపోయేది కనుక ఇది మాటవరసకు చెప్పే విషయం కాదు.

చుట్ల దిక్కు కూడా ముఖ్యం. పౌనఃపున్యాన్ని ఋణ అనంతం నుంచి ధన అనంతం దాకా తీసుకుపోయి, సంకీర్ణ తలపు (పటం గీసిన తలం కాదు, పౌనఃపున్యాల తలం) కుడి సగాన్నంతా సవ్య దిశలో చుట్టివస్తే, ఆ సగంలో ఉన్న క్లోజ్డ్ లూప్ పోల్ (భిన్నపు హారం సున్నా అయ్యే బిందువు; కుడి సగంలో ఉంటే తరంగం పెరుగుతూ పోతుంది) ఒక్కొక్కటీ -1 చుట్టూ ఒక సవ్య ప్రదక్షిణాన్నీ, ఓపెన్ లూప్ పోల్ ఒక్కొక్కటీ ఒక అపసవ్య ప్రదక్షిణాన్నీ ఇస్తాయి. ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ నిరూపించిన ఆర్గ్యుమెంటు సూత్రానికి ఇది ఒక ప్రయోజనం. ఓపెన్ లూప్ తనంతట స్థిరమైనదైతే ఒక్క చుట్టూ ఉండకూడదు. మీ కళాశాల లెక్కల్లో ఎక్కువ ఇవే. కానీ అరచేతి మీద నిలువుగా కర్రను నిలబెట్టే ఆటలో కర్ర తనంతట పడిపోయేదే, అంటే ఓపెన్ లూప్‌కే కుడి సగంలో ఒక పోల్ ఉంది. అక్కడ సరిగ్గా ఒక అపసవ్య ప్రదక్షిణం జరిగి తీరాలి, జరగకపోతే కర్ర నేల మీద ఉంటుంది. ‘చుట్టితే అస్థిరం’ అని మీరు బట్టీపట్టిన వాక్యం ఇక్కడ తలకిందులవుతుంది. అందుకే దానిని మరిచిపొమ్మని నా సలహా.

ప్రశ్న: మా విద్యార్థులు గెయిన్ మార్జిన్ (వ్యవస్థ చెడేలోపు గెయిన్‌ను ఎన్ని రెట్లు పెంచవచ్చో ఆ వెసులుబాటు) ఒక్కటి చూపించి, రెండోదైన ఫేజ్ మార్జిన్ దేనికని అడుగుతారు. కంప్యూటరు పోల్‌లను నేరుగా లెక్కించి ఇస్తున్నప్పుడు బోడ్ పటాలు (పౌనఃపున్యంతో పాటు పరిమాణం, ఫేజ్ అంటే వెనకబాటు ఎలా మారతాయో చూపే గీతలు) చేత్తో గీయించడం అవసరమా అని కూడా అడుగుతారు. ఏమని చెప్పాలి?
— ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు, పర్లాకిమిడి

జవాబు: రెండో ప్రశ్నకు క్లుప్తంగానే చెబుతాను. పోల్‌లు వ్యవస్థ స్థిరమా కాదా అన్నది చెబుతాయి. పటం అంచుకు ఎంత దూరంలో ఉన్నామో, ఏ పౌనఃపున్యం దగ్గర దేనిని సవరిస్తే దూరం పెరుగుతుందో చెబుతుంది. పైగా పటానికి సమీకరణం అక్కరలేదు, కొలతలు చాలు. హెండ్రిక్ బోడ్ 1945లో అచ్చువేసిన పుస్తకంతో స్థిరపడిన డెసిబెల్ గీతల్లో గుణకారం కూడికగా మారుతుంది కనుక, కంట్రోలరు గీతను యంత్రం గీత మీద పేర్చి చూస్తే చాలు. ఒక పదిసార్లు చేత్తో గీసిన విద్యార్థికి కంప్యూటరు తప్పు ఇన్‌పుట్‌తో ఇచ్చిన పటాన్ని చూడగానే అనుమానం వస్తుంది. అంతకంటే ఎక్కువ గీయించడం నా దృష్టిలో శిక్షే.

మార్జిన్ల సంగతి మీ ప్రయోగశాలలోని వేడిగాలి గొట్టం మీదనే చూపించవచ్చు. హీటరు దగ్గర వేడెక్కిన గాలి కొంత దూరం ప్రయాణించాక గాని ఉష్ణోగ్రత కొలిచే ప్రోబును చేరదు. ఆ ప్రయాణ జాప్యం 5 సెకన్లనీ, హీటరు తాపం స్థిమితపడే టైమ్ కాన్‌స్టంట్ 20 సెకన్లనీ, కంట్రోలరు ప్రొపోర్షనల్ (తేడా ఎంతో దానికి తగినంతగానే సవరించేది) మాత్రమేననీ అనుకుందాం. మొత్తం వెనకబాటు 180 డిగ్రీలయ్యే పౌనఃపున్యం సెకనుకు సుమారు 0.34 రేడియన్లు, అక్కడి లెక్క ప్రకారం లూప్ గెయిన్ దాదాపు 6.9 వరకు పెంచవచ్చు, ఆ హద్దు దగ్గర ఉష్ణోగ్రత సుమారు 18 సెకన్లకొకసారి ఊగుతూ ఉంటుంది. గెయిన్ 3 దగ్గర పెట్టుకుంటే గెయిన్ మార్జిన్ 2.3 రెట్లు, అంటే 7 డెసిబెల్స్‌కు కొంచెం పైన. పరిమాణం ఒకటికి దిగే పౌనఃపున్యం 0.14, అక్కడ ఫేజ్ మార్జిన్ (వెనకబాటు 180 డిగ్రీలకు చేరడానికి ఇంకా మిగిలినది) 69 డిగ్రీలు. రెండూ చక్కగా ఉన్నాయి.

ఇప్పుడు మిగతావి మారవని అనుకుని, బ్లోయరు వేగాన్ని సగం చేయించండి. గాలి రెట్టింపు సమయం ప్రయాణిస్తుంది, జాప్యం 10 సెకన్లవుతుంది. జాప్యం పరిమాణాన్ని ఏమాత్రం మార్చదు, ఫేజ్‌ను మాత్రమే తింటుంది. అందువల్ల పరిమాణం ఒకటికి దిగే చోటు కదలదు గాని, అక్కడి మార్జిన్ 69 నుంచి సుమారు 28 డిగ్రీలకు పడిపోతుంది. గెయిన్ మార్జిన్ కూడా 1.3 రెట్లకు లోపే మిగులుతుంది. కంట్రోలరును ఎవరూ ముట్టుకోలేదు. ఫేజ్ మార్జిన్‌ను రేడియన్లలోకి మార్చి ఆ పౌనఃపున్యంతో భాగిస్తే ఇంకా ఎన్ని సెకన్ల జాప్యాన్ని ఓర్చుకోగలమో నేరుగా వస్తుంది: మొదటి స్థితిలో అది ఎనిమిదిన్నర సెకన్లు. గొట్టం పొడవు పెంచమని అడిగే వారికి ఇవ్వవలసిన జవాబు ఈ అంకెలో ఉంది, గెయిన్ మార్జిన్‌లో లేదు.

ఇంకొక హెచ్చరిక కూడా చేయాలి. రెండు మార్జిన్లూ బాగున్నా, ఆ రెండు బిందువుల నడుమ వక్రం -1 పక్కనుంచి రాసుకుపోవచ్చు. -1 నుంచి వక్రానికి ఉన్న అతి తక్కువ దూరాన్ని కొలిచి, దాని విలోమం 1.3 నుంచి 2 లోపు ఉండేట్టు చూసుకోవడం ఇప్పటి ఇంజనీర్ల అలవాటు. మీ పాఠ్యక్రమంలో లేకపోయినా ఒక్క పీరియడు దీనికి కేటాయించండి.

ప్రశ్న: నేను జలవిద్యుత్ కేంద్రంలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. టర్బైను గేటు తెరవగానే మెగావాట్ ముల్లు ముందు కాస్త కిందికి దిగి, ఆ తరువాతే పైకి ఎక్కేది. మా ఇంజనీరు గారు ‘నీటి బద్ధకం’ అనేవారు. దీనికీ, గేటును సవరిస్తూ టర్బైను వేగాన్ని నిలిపే గవర్నరు నిలకడకూ సంబంధం ఉందా?
— ఒక పాఠకుడు, ఒనకఢిల్లీ

జవాబు: చాలా ఉందండీ. డుడుమ జలపాతం పక్కన 1955లో మొదలైన మాచ్‌ఖండ్ వంటి కేంద్రాల నీడలో బతికిన వారికి ఈ దృశ్యం కొత్త కాదు. టర్బైనుకు నీరు తెచ్చే పెన్‌స్టాక్ గొట్టంలో ఉన్న నీరంతా ఒక బరువైన ముద్ద. గేటు వెడల్పు చేసిన క్షణంలోనే అది వేగం పుంజుకోలేదు. అదే నీరు పెద్ద దారిలో పారడం వల్ల టర్బైను దగ్గర ఒత్తిడి పడిపోతుంది, ఒత్తిడితో పాటు శక్తీ పడిపోతుంది. నష్టాలు లేని ఆదర్శ లెక్కలో గేటును ఒక్కసారిగా 1 శాతం తెరిస్తే శక్తి మొదట 2 శాతం తగ్గి, చివరకు 1 శాతం పెరిగిన చోట నిలబడుతుంది. నీరు పూర్తి వేగం అందుకోవడానికి పట్టే సమయాన్ని వాటర్ స్టార్టింగ్ టైమ్ అంటారు. అది సాధారణంగా అర సెకను నుంచి 4 సెకన్ల దాకా ఉంటుంది.

గణితంలో ఇది కుడి సగంలో ఉన్న ఒక జీరో (భిన్నపు లవం సున్నా అయ్యే బిందువు). మొదటి జవాబులో లెక్కలోకి తీసుకున్నవి కుడి సగపు పోల్‌లు మాత్రమే కనుక, దీని వల్ల చుట్ల నియమం మారదు. ఒక్క చుట్టూ ఉండకూడదు, అంతే. మారేది బోడ్ పటం చూసే కన్ను. మామూలు వ్యవస్థల్లో డెసిబెల్ గీత వాలును చూసి ఫేజ్‌ను అంచనా వేయవచ్చు, పౌనఃపున్యం పదింతలైనప్పుడల్లా గీత 20 డెసిబెల్స్ దిగితే సుమారు 90 డిగ్రీల వెనకబాటు అని. ఇక్కడ అది మోసం చేస్తుంది. స్టార్టింగ్ టైమ్ 2 సెకన్లయితే, సెకనుకు అర రేడియన్ దగ్గర నీరు ఒక్కటే దాదాపు 72 డిగ్రీల ఫేజ్‌ను తినేస్తుంది, పైగా పరిమాణం తగ్గడానికి బదులు 1.26 రెట్లు పెరుగుతుంది. పౌనఃపున్యం ఇంకా పెరిగితే పరిమాణం రెండు రెట్ల వైపు, వెనకబాటు 180 డిగ్రీల వైపు పోతాయి. ఏ కంట్రోలరూ ఈ నష్టాన్ని తిరిగి సంపాదించలేదు; చేయగలిగినదల్లా, నీరు బద్ధకం చూపే పౌనఃపున్యాలకు చాలా కిందనే లూప్ పరిమాణాన్ని ఒకటికి దించేయడం.

మీ కాలపు యాంత్రిక గవర్నరులో ఆ పని చేసినది డాష్‌పాట్, అంటే నూనె నింపిన సిలిండరులో కదిలే పిస్టను. గేటు వేగంగా కదలబోతే, సూది వాల్వు వదిలిన సన్నని సందులోంచి నూనె ఒక్కసారిగా తప్పుకోలేక ఎదురు నిలుస్తుంది, అంటే వేగమైన మార్పులకు గెయిన్ తగ్గుతుంది. కొన్ని సెకన్లు గడిచేసరికి నూనె మెల్లగా జారిపోయి గేటు పూర్తి సవరణ చేస్తుంది. దీనినే తాత్కాలిక డ్రూప్ అంటారు. ఆ సూదిని కొంచెం ఎక్కువ విప్పితే గవర్నరు చురుకైనట్లు కనిపించి, కాసేపటికి వేగం పైకీ కిందికీ ఊగడం మొదలుపెట్టేది.