వాకీటాకీలో పక్క మండపం మాటలు

ప్రశ్న: మాది మారతహళ్లిలో అపార్ట్‌మెంట్. సెక్యూరిటీ వాళ్లకు లైసెన్సు అక్కర్లేని వాకీటాకీలు కొన్నాం. పక్క కల్యాణ మండపం వాళ్ల మాటలు మధ్యలో దూరుతుంటే ప్రైవసీ కోడ్ పెట్టాం. ఆ గోల ఆగింది కానీ ఇప్పుడు మావాళ్ల మాటలే తెగిపోతున్నాయి. మా అల్లుడు అమెరికా నుంచి ఎక్కువ పవరున్న సెట్లు తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?
– అసోసియేషన్ కార్యదర్శి, బెంగళూరు

జవాబు: వద్దండీ, తెప్పించుకోకండి. మీ ఇబ్బందంతా ఆ కోడ్ దగ్గరే ఉంది.

పేరుకు ప్రైవసీ కోడే గానీ అందులో గుట్టు ఏమీ లేదు. మీవాళ్లు బటన్ నొక్కి మాట్లాడినప్పుడు గొంతుతో పాటు 67 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఒక మంద్రమైన శబ్దం వెళుతుంది. అది అందితేనే అవతలి సెట్టు స్పీకరు తెరుస్తుంది. మండపం వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు, మీకు వినపడటం లేదంతే. ఛానెల్ ఖాళీగా ఉందనుకుని మీ గేటు మనిషి వాళ్ల మాట మీదే బటన్ నొక్కేస్తాడు. ఈ సెట్లు వాడే ఎఫ్‌ఎం పద్ధతిలో రెండు సిగ్నళ్లు ఒక్కసారే వస్తే బలమైనదే నిలుస్తుంది. గేటు సిగ్నల్ కాంక్రీటు దాటి బేస్‌మెంట్‌కు చేరేసరికి నీరసపడుతుంది, మండపంది దాన్ని మింగేస్తుంది.

సెట్టుకు మానిటర్ బటన్ ఉంటుంది చూడండి. అది నొక్కితే కోడ్‌తో సంబంధం లేకుండా ఛానెల్లో ఉన్నదంతా వినిపిస్తుంది. ముందు అది నొక్కి వినాలి, ఖాళీ అయితేనే మాట్లాడాలి. మీ సిబ్బందికి ఈ ఒక్క అలవాటు చేయించండి చాలు. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని మీలాంటి సెట్లకు ఇచ్చిన 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ లోపల 12.5 కిలోహెర్ట్జ్ చొప్పున 16 ఛానెళ్లు పడతాయి. పాత సెట్లలో 8 మాత్రమే. మంచి ముహూర్తం ఉన్న రోజు సాయంత్రం కోడ్ తీసేసి ఒక్కో ఛానెల్ వినండి. మామూలు రోజున వింటే అన్నీ ఖాళీగానే కనిపిస్తాయి. తర్వాత మండపం మేనేజరు దగ్గరికి వెళ్లి, ఎవరు ఏ ఛానెల్ వాడాలో మాట్లాడుకోండి. ఈ బ్యాండ్ ఎవరి సొంతమూ కాదు, మేం ముందొచ్చాం అన్న హక్కూ లేదు.

అమెరికా సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. అక్కడి లైసెన్సు మినహాయింపు ఇక్కడ చెల్లదు. నాకు హామ్ లైసెన్సు, అంటే సరదాగా రేడియో నడుపుకునేవాళ్లకు ఇచ్చే లైసెన్సు ఉంది, దానితో నాకు దక్కింది 434–438 లాంటి హామ్ బ్యాండ్లే. చేతిలో అయిదు వాట్ల సెట్టున్నా దానితో 446లో నేను బటన్ నొక్కను. అక్కడ అందరూ అర వాటుతో సర్దుకుంటున్నారు, నేను దూరితే వాళ్ల నోరు నొక్కినట్టే. కొత్త సెట్లు కొనాల్సి వస్తే ఈటీఏ ధ్రువపత్రం, అంటే ఆ రకం సెట్టుకు ప్రభుత్వ ఆమోదం ఉందని చూపే పత్రం అడగండి. దాన్నీ ఫ్రీక్వెన్సీనీ చూపించాలని ఆన్‌లైన్ అమ్మకందార్లకు 2025లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

మీరు అడగని మాట ఒకటి, నాకు అన్నిటికన్నా టెన్షన్ అదే. "ఫలానా ఫ్లాటు వాళ్లు ఊరెళ్లారు, తాళం వేసుంది" అని సెక్యూరిటీ వాళ్లు సెట్టులో చెప్పుకుంటుంటారు. కోడ్ తీసేసిన ఏ సెట్టులోనైనా అది స్పష్టంగా వినపడుతుంది. అలాంటివి ఫోన్‌లోనే చెప్పుకోమని ఇవాళే చెప్పండి.